గేజ్ చూపని పీడనం: హైడ్రాలిక్ గొట్టాల్లో అలలను లెక్కకట్టడం ఎలా?

ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు వేసవిలో చేపల చెరువులు తవ్వే పొక్లెయిన్లకు పని ఎక్కువ, హోస్ పైపులు బిగించే దుకాణాలకు ఇంకా ఎక్కువ. పైపు పగిలిన యంత్రం యజమాని అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: గేజ్‌లో ముల్లు 150 బార్ (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత) దాటలేదు, వేయించింది 165 బార్ల హోస్, మరి ఎందుకు పోయింది? దుకాణంలో దొరికే జవాబూ ఒకటే: ఇంకా గట్టిది వేయండి.

ఆ జవాబు పూర్తిగా తప్పు కాదు గానీ, అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు కాదు. గేజ్ అబద్ధం చెప్పలేదు. దానికి కనిపించనిది ఒకటుంది. ముల్లు గేజ్‌లో పీడనాన్ని పట్టేది వంపు తిరిగిన ఒక సన్నని లోహపు గొట్టం. ముల్లు వణకకుండా ఉండాలని డబ్బాలో గ్లిజరిన్ పోస్తారు, నూనె వచ్చే రంధ్రాన్ని సూది మొనంత చేస్తారు. సెకనులో యాభయ్యో వంతు సేపు పీడనం రెట్టింపై మళ్లీ దిగిపోతే ఆ ముల్లుకు తెలిసే అవకాశమే లేదు. హోస్ గోడలోని ఉక్కు తీగల అల్లిక మాత్రం ఆ దెబ్బను పూర్తిగా మోస్తుంది.

ఆ దెబ్బ ఎక్కడ పుడుతుంది, ఎంత ఉంటుంది అన్నది ముందే లెక్క కట్టవచ్చు. గోదావరి నీటిని పైకి తోడే ఎత్తిపోతల గొట్టాలకూ, చెరువు గట్టు మీది యంత్రంలో నూనె గొట్టాలకూ భౌతిక సూత్రాలు ఒకటే. కానీ లెక్క కట్టాల్సిన తీరు ఒకటి కాదు. పెద్ద సాఫ్ట్‌వేర్ కొని కూడా తప్పు జవాబులు తెచ్చుకునేవారిలో చాలామంది ఈ తేడా దగ్గరే దెబ్బతింటారని నా అభిప్రాయం.

లేచే చోటు లేని నీరు

ధవళేశ్వరం నుంచి దిగే కాలువల మీద లాకుల దగ్గర నిలబడి చూసినవారికి ఈ విషయం సగం తెలిసినట్టే. పారుతున్న కాలువలో తలుపును ఒక్కసారిగా దించితే ఎగువన నీరు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ప్రవాహానికి ఎదురుగా వెనక్కి నడుస్తుంది. రెండు మీటర్ల లోతు నీటిలో ఇలాంటి అల సెకనుకు సుమారు 4.4 మీటర్లు వెళ్తుంది, అంటే సైకిలు వేగం. ఆగిన నీటికి పైకి లేచే చోటుంది కాబట్టి లేస్తుంది, తర్వాత మెల్లగా సర్దుకుంటుంది.

నిండుగా పారే గొట్టంలో ఆ చోటు లేదు. వాల్వ్ మూసిన క్షణాన ఆగేది దాన్ని ఆనుకుని ఉన్న ద్రవం మాత్రమే. వెనక ఉన్నదానికి ఆ కబురు ఇంకా అందలేదు, అది వస్తూనే ఉంటుంది. వచ్చినదానికి చోటు కావాలంటే ద్రవం కాస్త నలగాలి, గొట్టం గోడ కాస్త ఉబ్బాలి. రెండూ మొండివే కాబట్టి పీడనం ఒక్కసారిగా ఎగుస్తుంది. ఆగిన ద్రవానికీ ఇంకా పారుతున్న ద్రవానికీ మధ్య ఉన్న సరిహద్దు గొట్టం పొడవునా వెనక్కి పరుగెడుతుంది. దాని వేగం ఆ గొట్టంలోని ద్రవంలో ధ్వని వేగమే.

విశాలమైన నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,480 మీటర్లు. గొట్టం గోడ ఎంత సాగితే అల వేగం అంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని 1878లో డచ్ శాస్త్రవేత్త కోర్టెవెగ్ ఇచ్చాడు. దాని ప్రకారం 3 మీటర్ల వ్యాసం, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టంలో అల వేగం సుమారు 880 మీటర్లకు దిగుతుంది. పొలాల్లో వేసే పీవీసీ గొట్టంలో 350 దగ్గర ఉంటుంది. యంత్రాల్లో వాడే నూనెకు ఉక్కు గొట్టంలో 1,250 ప్రాంతం, సాగే గుణమున్న హోస్‌లో అంతకంటే తక్కువ.

పీడనం ఎంత పెరుగుతుందన్నది మాస్కో నగర నీటి గొట్టాల మీద 1897–98లో ప్రయోగాలు చేసిన జుకోవ్‌స్కీ తేల్చాడు. ద్రవం సాంద్రతను అల వేగంతో, ఆ మొత్తాన్ని ప్రవాహ వేగంలో వచ్చిన మార్పుతో గుణిస్తే పీడనంలో పెరుగుదల వస్తుంది. అంతే. అల వేగం 1,000 మీటర్లున్న గొట్టంలో సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీటిని ఒక్కసారిగా ఆపితే 10 బార్లు పెరుగుతుంది, అంటే దాదాపు 100 మీటర్ల ఎత్తున్న నీటి బరువు.

ఈ సూత్రంలో లేనివాటిని గమనించాలి. పంపు ఎన్ని హార్స్‌పవర్లన్నది లేదు. గొట్టంలో ముందున్న పీడనం లేదు. గొట్టం పొడవు కూడా లేదు. తక్కువ పీడనంతో నడుస్తున్నది కాబట్టి ప్రమాదం లేదనుకోవడం ఎంత పొరపాటో ఇక్కడే అర్థమవుతుంది. దెబ్బను నిర్ణయించేది ఎంత వేగంగా పారుతోంది, ఎంత త్వరగా ఆగింది అన్నవే.

పొడవు వేరే దారిలో వస్తుంది. మూసిన చోట పుట్టిన అల గొట్టం అవతలి కొసన ఉన్న తొట్టినో కాలువనో తాకి, పీడనాన్ని తగ్గించే అలగా తిరిగి వస్తుంది. ఆ రాకపోకలకు పట్టే కాలం గొట్టం పొడవుకు రెండింతలను అల వేగంతో భాగిస్తే వస్తుంది. వాల్వ్ మూయడం ఈ కాలంలోపే అయిపోతే జుకోవ్‌స్కీ చెప్పిన పూర్తి దెబ్బ తగులుతుంది. అంతకన్నా ఎక్కువ సేపు పడితే తిరిగి వచ్చిన అల కొంత ఉపశమనం ఇస్తుంది.

కాబట్టి కంప్యూటర్ ముందు కూర్చోక ముందే రెండు కాలాలను పక్కపక్కన రాసుకోవాలి. అల ఒకసారి వెళ్లి రావడానికి పట్టేది ఒకటి, ప్రవాహం ఆగడానికి పట్టేది రెండోది. ఏ నమూనా (లెక్కల మోడల్) వాడాలో ఈ రెండే చెప్తాయి.

నాలుగు కిలోమీటర్ల నీరు, కరెంటు పోయిన క్షణం

డెల్టా కాలువలు పల్లానికి పారేవి. వాటికి పంపులతో పనిలేదు. డెల్టాకు ఎగువన, గోదావరి కుడి గట్టున పట్టిసీమ దగ్గర మాత్రం 24 పంపులు కలిసి 8,500 క్యూసెక్కుల నీటిని తోడేలా ఎత్తిపోతల పథకం కట్టారు. కృష్ణా డెల్టాకు వెళ్లే నీరది. ఒక్కో పంపు వాటా సుమారు 354 క్యూసెక్కులు, అంటే సెకనుకు 10 ఘనపు మీటర్లు, పది టన్నుల నీరు. ఇంత నీరు కదలికలో ఉన్నప్పుడు కరెంటు పోతే ఏమవుతుందన్నది రూపకల్పన దశలోనే తేలాల్సిన ప్రశ్న. కింది అంకెలు ఆ పథకానివి కావు, ఆ తరహా పెద్ద గొట్టం ఎలా ప్రవర్తిస్తుందో చూడటానికి వేసుకున్నవి.

గొట్టం పొడవు 4 కిలోమీటర్లు, వ్యాసం 3 మీటర్లు, మందం 18 మిల్లీమీటర్లు అనుకుందాం. నీటి వేగం సెకనుకు 2 మీటర్లు, ఎత్తాల్సిన ఎత్తు 30 మీటర్లు. అల వేగం 880. వెళ్లి రావడానికి 9 సెకన్లు. కరెంటు పోయాక పంపు చక్రం తన జడత్వంతో కొన్ని సెకన్లు తిరిగి చతికిలబడుతుంది. అంటే అల అవతలి కొసను చూసి వచ్చేలోపే ఇక్కడ తోపు ఆగిపోయింది. పూర్తి దెబ్బ తప్పదు.

ఇక్కడ చాలామంది ఊహ తలకిందులవుతుంది. పంపు ఆగిన చోట పీడనం మొదట పెరగదు, పడిపోతుంది. నీరు తన ఊపుతో ముందుకు పోతూనే ఉంది, వెనక నుంచి తోసేది లేదు. జుకోవ్‌స్కీ సూత్రం ఈసారి తగ్గుదలను చెప్తుంది: 17.6 బార్లు, సుమారు 180 మీటర్ల నీటి ఎత్తు. కానీ తగ్గడానికి అంత పీడనం అక్కడ లేదు. 30 మీటర్ల ఎత్తు, గొట్టం రాపిడికి పోయే కొన్ని మీటర్లు, వాతావరణ పీడనం ఇచ్చే 10 మీటర్లు, ఇంతే దగ్గరున్నది. అది అయిపోగానే నీరు మామూలు ఉష్ణోగ్రత దగ్గరే ఆవిరవుతుంది. గొట్టంలో ఎత్తైన మలుపుల దగ్గర నీటి స్తంభం తెగి, మధ్యలో ఆవిరి ఖాళీలు ఏర్పడతాయి. కాసేపటికి ముందుకు పోయిన నీరు ఆగి వెనక్కి మళ్లుతుంది. తెగిన రెండు కొసలు ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు వచ్చే పీడనమే గొట్టాలను చీల్చేది.

చీలడానికి ముందే ఇంకొక ప్రమాదం ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. గొట్టం లోపల పీడనం శూన్యానికి చేరితే బయటి గాలి దాన్ని నొక్కుతుంది. 3 మీటర్ల వ్యాసం, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం, చుట్టూ కడ్డీలు గానీ మట్టి ఆసరా గానీ లేకపోతే, బయటి నుంచి ఎంత పీడనానికి నలిగిపోతుందో లెక్క వేస్తే 0.95 బార్ వస్తుంది. వాతావరణ పీడనం 1 బార్. అంటే చూడటానికి భీకరంగా ఉండే ఆ ఉక్కు గొట్టం నలగడానికీ నిలవడానికీ సరిగ్గా అంచున ఉంది. ఇది పుస్తకాల్లో భయం కాదు. జపాన్‌లో ఒయిగావా జలవిద్యుత్ కేంద్రంలో 1950లో ఒక వాల్వ్ అనుకోకుండా వేగంగా మూసుకుపోయింది. పీడనానికి పెన్‌స్టాక్ (టర్బైన్లకు నీరు తెచ్చే గొట్టం) చీలింది. నీరు బయటికి ఎగజిమ్మడంతో దాని ఎగువ భాగంలో పీడనం పడిపోయి గొట్టం నలిగి చదునైపోయింది. ముగ్గురు చనిపోయారు.

ఇలాంటి గొట్టానికి నమూనా కట్టేటప్పుడు పొడవును విడగొట్టక తప్పదు. ఒక కొస దగ్గర జరిగింది మరో కొసకు తెలియడానికి నాలుగున్నర సెకన్లు పడుతున్నప్పుడు గొట్టాన్ని ఒకే ముద్దగా చూడటానికి వీల్లేదు. విడగొట్టి లెక్క వేసే పద్ధతి మీద భయం అనవసరం. 4 కిలోమీటర్లను 100 మీటర్ల చొప్పున 40 ముక్కలు చేయండి. అల ఒక ముక్కను దాటడానికి 0.114 సెకన్లు పడుతుంది, లెక్కలో కాలపు అడుగు కూడా అదే. ప్రతి అడుగులోనూ ఒక బిందువుకు ఎడమ పొరుగు నుంచి ఒక అల, కుడి పొరుగు నుంచి ఒక అల వచ్చి చేరతాయి. ఆ బిందువు దగ్గర కొత్త పీడనం ఎంతంటే, పొరుగు పీడనాల సగటుకు, ఎడమ వేగంలోంచి కుడి వేగాన్ని తీసేసి, సాంద్రతతోనూ అల వేగంతోనూ గుణించి, సగం చేసి కలిపితే వచ్చేది. రాపిడిని తర్వాత చేర్చుకోవచ్చు. ఒక నిమిషం చరిత్రకు 530 అడుగులు చాలు. ఆఫీసు కంప్యూటర్‌లోని స్ప్రెడ్‌షీట్‌కు ఇదొక పెద్ద పని కాదు. 1930ల్లో ష్నైడర్, బెర్జెరాన్ వంటివారు ఇదే లెక్కను గ్రాఫు కాగితం మీద గీతలు గీసి చేశారు. 1960ల్లో స్ట్రీటర్ వంటివారు దాన్ని కంప్యూటర్లకు ఎక్కించారు.

ఒక నియమం మాత్రం తప్పరాదు. కాలపు అడుగు, అల ఒక ముక్కను దాటే కాలాన్ని మించకూడదు. మించితే పొరుగు ముక్కకు అవతలి నుంచి అల వచ్చి చేరినా ఆ సంగతి లెక్కకు అందక అంకెలు పిచ్చిగా ఎగురుతాయి. వేర్వేరు పొడవుల గొట్టాలు కలిసే చోట ముక్కలు సరిగ్గా కుదరవు. అప్పుడు అల వేగాన్నే కొద్ది శాతం అటూ ఇటూ సర్దుతారు. అది మోసమేమీ కాదు, అల వేగం అంతకన్నా ఖచ్చితంగా ఎవరికీ తెలియదు.

గొట్టం మధ్యలో లెక్క సులువు, కష్టమంతా కొసల దగ్గరే. పంపును కేవలం నీరు తోసే పెట్టెగా రాస్తే చాలదు. కరెంటు పోయాక చక్రం ముందుకు తిరుగుతుండగా నీరు వెనక్కి రావచ్చు, కాసేపటికి చక్రమే వెనక్కి తిరిగి టర్బైన్ అయిపోవచ్చు. ఈ దశలన్నిటికీ పంపు గుణాలు నమూనాలో ఉండాలి. నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ విషయంలో ఇంకా మెలకువ కావాలి. నీరు ఆగీ ఆగగానే మూసుకునే వాల్వ్ మంచిది. బరువైన రేకు ఊగుతూ ఆలస్యంగా మూసుకునేదైతే, అప్పటికే వెనక్కి ఊపందుకున్న నీటిని అది ఒక్కసారిగా ఆపుతుంది. అంటే రక్షణకని పెట్టినదే రెండో దెబ్బకు కారణమవుతుంది. ఎయిర్ వాల్వులు, సర్జ్ ట్యాంకులు, గాలి నింపిన పాత్రలు, పంపుకు బిగించే బరువైన ఫ్లైవీల్ వంటి ఉపాయాలన్నీ చేసేది ఒకటే పని: ప్రవాహం ఆగే కాలాన్ని అల తిరిగి వచ్చే కాలం కన్నా పొడిగించడమో, పడిపోయే పీడనానికి ఎక్కడినుంచో నీరో గాలో అందించడమో.

ఆరు మీటర్ల హోస్‌లో కథ వేరు

ఇప్పుడు పొక్లెయిన్ దగ్గరికి. పంపు నుంచి జాక్ (నూనె పీడనంతో యంత్రం చేతిని కదిలించే సిలిండర్) వరకు గొట్టం 6 మీటర్లనుకుందాం, హోస్‌లో అల వేగం 1,000. వెళ్లి రావడానికి 12 మిల్లీసెకన్లు. ఆపరేటర్ లివర్ వదిలితే స్పూల్ (నూనె దారిని తెరిచి మూసే వాల్వ్ కడ్డీ) మూసుకోవడానికి అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఎత్తిపోతల గొట్టంలో చూసినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. అల చాలాసార్లు అటూ ఇటూ తిరిగి సర్దుకున్నాక గానీ ప్రవాహం ఆగదు. కాబట్టి హోస్‌ను వందల ముక్కలు చేసి అలల లెక్క నడపడం ఇక్కడ శ్రమ తప్ప మరొకటి కాదు. ఒకవేళ క్షణంలో మూసుకుందనే అనుకున్నా, 25 మిల్లీమీటర్ల హోస్‌లో సెకనుకు 4.6 మీటర్ల వేగంతో పారే నూనెకు జుకోవ్‌స్కీ పెరుగుదల 40 బార్లే.

మరి హోస్‌ను చంపేది ఏమిటి? నూనె ఊపు కాదు, బకెట్ ఊపు.

లెక్క సులువుగా ఉండటానికి బూమ్‌ను, అంటే బకెట్‌ను మోసే పెద్ద చేతిని, ఒకే జాక్ మోస్తోందనుకుందాం. జాక్ వ్యాసం 120 మిల్లీమీటర్లు, లోపల 0.8 మీటర్ల మేర నూనె. బూమ్ కొసన బంకమట్టితో కలిపి 2 టన్నుల బరువు. మీట నిష్పత్తి 5, అంటే జాక్ ఒక సెంటీమీటరు కదిలితే కొస ఐదు సెంటీమీటర్లు కదులుతుంది. ఆ బరువు జాక్‌కు తెలిసేది నిష్పత్తి వర్గంతో: 2 టన్నులు ఇంటూ 25, అంటే 50 టన్నుల జడత్వం. చాలామంది ఇక్కడ 5తో గుణించి ఆగిపోతారు. బలానికి 5 సరే, జడత్వానికి 25.

బూమ్ దిగుతోంది, జాక్ కడ్డీ వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు. లివర్ వదలగానే స్పూల్ మూసుకుంది. జాక్‌లోని 9 లీటర్ల నూనెకు బయటికి దారి లేదు. 50 టన్నుల జడత్వం ఆ నూనెను స్ప్రింగులా నొక్కుతుంది. నూనె ఎంత గట్టి స్ప్రింగో దాని ఘనపరిమాణ గుణకం చెప్తుంది. దాన్ని 14,000 బార్లుగా తీసుకుంటే, పీడనం 176 బార్లు పెరుగుతుంది. బరువును నిలబెట్టడానికే అప్పటికే 87 బార్లు ఉంది. మొత్తం 263. ఇదంతా జరగడానికి పట్టేది సెకనులో పన్నెండో వంతు కన్నా కాస్త తక్కువ.

యజమాని గేజ్‌లో 150 దాటలేదని చెప్పింది గుర్తుందా? గ్లిజరిన్ మాట అలా ఉంచి, అసలు ఆ గేజ్ ఉన్నది పంపు వైపు. 263 బార్లున్నది మూసిన స్పూల్‌కు అవతల, జాక్ వైపు. మధ్యలో తలుపు వేసి ఉంది. పీడనం హద్దు దాటితే తెరుచుకుని నూనెను వదిలే మెయిన్ రిలీఫ్ వాల్వ్ కూడా పంపు వైపే ఉంటుంది కాబట్టి దాని స్ప్రింగును ఎంత తిప్పినా ఈ దెబ్బకు తేడా రాదు. దీన్ని పట్టాల్సింది జాక్ లైను మీద ఉండే పోర్ట్ రిలీఫ్ వాల్వ్. అది మట్టితో బిగుసుకుపోయిందో, ఎవరైనా అతిగా బిగించారో చూడకుండా హోస్ మార్చడం డబ్బు దండగ.

165 బార్ల హోస్ 263కు వెంటనే పగలదు. ఇలాంటి హోస్‌లు పని పీడనానికి కనీసం నాలుగు రెట్లు, అంటే 660 బార్ల దాకా తట్టుకునేలా చేస్తారు. అసలు సంగతి లెక్కకు మించిన పునరావృతం. రెండు తీగల అల్లికలున్న హోస్‌ను ప్రమాణాల ప్రకారం పని పీడనానికి 133 శాతంతో, అంటే సుమారు 219 బార్లతో, 2 లక్షల సార్లు కొట్టి పరీక్షిస్తారు. మన దెబ్బ 219 కన్నా ఎక్కువ. నిమిషానికి మూడు బకెట్ల చొప్పున రోజుకు పది గంటలు తవ్వితే 1,800 దెబ్బలు. 2 లక్షలు పూర్తవడానికి నాలుగు నెలలు కూడా పట్టదు. చెరువుల పని సీజన్ ముగిసే వేళకు హోస్‌లు వరుసగా పోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇదే లెక్కలో స్పూల్ మూసుకునే కాలాన్ని మార్చి చూడండి. ఒక్కసారిగా కాకుండా 0.3 సెకన్లలో ప్రవాహం సమానంగా తగ్గుతూ ఆగితే పెరుగుదల 176 నుంచి 60 బార్ల దగ్గరకు దిగుతుంది. మొత్తం 150 లోపు. హోస్ అదే, నూనె అదే, బరువు అదే. స్పూల్ అంచున సన్నని గాట్లు కోయడం అందుకే. లివర్‌ను టక్కున వదిలేవాడికీ, చేత్తో పట్టి తెచ్చేవాడికీ యంత్రం ఆయుష్షులో కనిపించే తేడాకు మూలం కూడా ఇక్కడే ఉంది. మంచి ఆపరేటర్ జీతం ఎక్కువని వెనకాడే యజమానులు ఈ ఒక్క అంకె చూస్తే బాగుండు.

మొత్తం నమూనాకు కావాల్సినవి రెండు మూడు సమీకరణాలే: జడత్వానికి ఒకటి, నూనె స్ప్రింగుకు ఒకటి, వాల్వ్ గుండా పోయే ప్రవాహానికి ఒకటి. పొడవు అన్న మాటే రాదు. అయితే పంపు పిస్టన్లు పుట్టించే సన్నని వణుకు సంగతి వస్తే మళ్లీ అలల లెక్క కావాలి. తొమ్మిది పిస్టన్ల పంపు నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే సెకనుకు 300 తోపులు పడతాయి. ఆ పౌనఃపున్యానికి అల పొడవు 3.3 మీటర్లు, హోస్ పొడవుకు పోల్చదగినది. ఫలానా పొడవు హోస్ వేసినప్పుడే యంత్రం అరుస్తోందంటే కారణం ఇదే కావచ్చు.

పోలవరం స్పిల్‌వే మీద 48 రేడియల్ గేట్లను ఎత్తేవి కూడా హైడ్రాలిక్ జాక్‌లే, ఒక్కో గేటుకు రెండు. అక్కడ కదలిక నెమ్మది కాబట్టి ఊపు వల్ల వచ్చే దెబ్బ చిన్నది. అలాంటి చోట భయపడాల్సింది గొట్టం తెగి నూనె కారిపోతే గేటు జారడం గురించి. జారకుండా పట్టే వాల్వ్‌ను గొట్టం మధ్యలో కాదు, జాక్‌కే ఆనించి బిగించాలి. వరి కోత యంత్రాల్లో ముందుకూ వెనక్కూ లివర్‌ను ఒక్కసారిగా మార్చినప్పుడు కూడా యంత్రం బరువే నూనెను నొక్కుతుంది, లెక్క పొక్లెయిన్‌ది లాంటిదే.

గాలి చేసే గోల

రెండు లెక్కల్లోనూ ద్రవం గట్టిదనం ఒకే అంకె అని ఒప్పుకున్నాం. గాలి కలిస్తే అది చెల్లదు. నూనెలో నూటికి ఒక వంతు గాలి బుడగలుగా ఉంటే, వాతావరణ పీడనం దగ్గర అల వేగం సెకనుకు 1,250 మీటర్ల నుంచి వంద ప్రాంతానికి పడిపోతుంది. పది రెట్లకు మించిన తేడా. అదే నూనెను 100 బార్లకు నొక్కితే బుడగలు నలిగిపోయి వాటి ప్రభావం ఒకటి రెండు శాతమే మిగులుతుంది. కాబట్టి పీడనం ఎక్కువుండే జాక్ లైనులో గాలిని పట్టించుకోకపోయినా పెద్ద నష్టం లేదు. ట్యాంకుకు తిరిగి వచ్చే లైనులో, పంపు పీల్చుకునే లైనులో పట్టించుకోకపోతే లెక్క మొత్తం తప్పు. ట్యాంకులో నూనె తగ్గి నురగ కట్టిన యంత్రానికి, పుస్తకంలో ఉన్న గుణకంతో నమూనా కట్టడం వృథా.

నీటి గొట్టంలోనూ ఇంతే. పైగా అక్కడ పీడనం పడిపోయినప్పుడే అసలు కథ జరుగుతుంది కాబట్టి గాలి బలం అప్పుడే బయటపడుతుంది. కొందరు దీన్ని చూసి గాలి ఉంటే మంచిదే, దెబ్బ తగ్గుతుందని అంటారు. పద్ధతిగా, తెలిసిన చోట, తెలిసినంత పెట్టిన గాలి నిజంగా మంచిదే. ఎక్కడో మలుపులో చిక్కుకున్న చిన్న గాలి ముద్ద మాత్రం రెండు వైపుల నుంచి వచ్చే నీటికి స్ప్రింగుగా మారి, గాలి లేనప్పటి కన్నా ఎక్కువ పీడనాన్ని కూడా పుట్టించగలదు.

రాపిడి విషయం క్లుప్తంగా చెప్తాను. నిలకడ ప్రవాహానికి వాడే రాపిడి సూత్రాన్నే అలలకూ వాడితే మొదటి శిఖరం దాదాపు సరిగ్గా వస్తుంది, ఆ తర్వాతి అలలు మాత్రం లెక్కలో చాలాసేపు ఊగుతూనే ఉంటాయి, వాస్తవంలో త్వరగా చల్లబడతాయి. వేగం త్వరగా మారేటప్పుడు గోడ దగ్గర ద్రవం ప్రవర్తన వేరుగా ఉండటమే కారణం. మెల్లగా, పొరలుగా పారే ద్రవానికి దీన్ని ఎలా సరిదిద్దాలో 1968లో జీల్కె చూపాడు. గొట్టం బలం తేల్చడానికి మొదటి శిఖరం చాలు. హోస్ అలసట లెక్కకు మాత్రం తర్వాతి ఊగులాట కూడా కావాలి.

నమూనా కట్టాక కొలిచి పోల్చాలి. ముల్లు గేజ్ ఇందుకు పనికిరాదు. సెకనుకు కనీసం వెయ్యిసార్లు చదివే ఎలక్ట్రానిక్ పీడన సెన్సర్ కావాలి, యంత్రంలోనైతే దాన్ని స్పూల్‌కు జాక్ వైపున బిగించాలి. కొలిచిన గీతను, లెక్క ఇచ్చిన గీతను ఒకే కాగితం మీద వేస్తే అవి ఎక్కడ విడిపోయాయన్నదే తప్పు ఎక్కడుందో చెప్తుంది. శిఖరాల మధ్య కాలం కలవకపోతే అల వేగమో, నూనె గట్టిదనమో తప్పుగా తీసుకున్నారు, చాలాసార్లు గాలి కలిసి ఉంటుంది. కాలం కలిసి ఎత్తు కలవకపోతే వాల్వ్ మూసుకునే కాలం మీరు అనుకున్నది కాదు. ఎత్తు ఉన్నట్టుండి ఒకచోట కత్తిరించినట్టు ఆగిపోతే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది, ఏ పీడనం దగ్గర తెరుచుకుందో అక్కడే చదువుకోవచ్చు. రెండూ కలిసి చల్లబడే తీరు ఒక్కటే కలవకపోతే అది రాపిడి పని, గొట్టం బలం తేల్చడమే ఉద్దేశమైతే దాన్ని అలాగే వదిలేయవచ్చు.